సిల్వర్టన్‌లో జీప్ అద్దె, ఆల్పైన్ లూప్: కొలరాడో వెళ్ళే మన వాళ్ళ కోసం

సమ్మర్‌లో డల్లాస్, డెన్వర్ నుంచి మన ఫ్యామిలీలు చాలా మంది సాన్ హువాన్ కొండలకి వెళ్తున్నారు కాబట్టి ఈ రివ్యూ. మేము సిల్వర్టన్‌లో ఒక చిన్న లోకల్ షాపులో నాలుగు డోర్ల జీప్ రాంగ్లర్ తీసుకుని ఆల్పైన్ లూప్ మొత్తం తిరిగాం, 65 మైళ్ళు, సిల్వర్టన్, లేక్ సిటీ, ఊరే ఈ మూడు ఊళ్ళనీ కలిపే పాత మైనింగ్ దారులు. పొద్దున బయల్దేరితే రోజంతా పడుతుంది.

రేటు ఎక్కువే, దాచేదేం లేదు. ఎయిర్‌పోర్టులో తీసుకున్న ఎస్‌యూవీతోనే ఎక్కేద్దాం అనుకునేవాళ్ళు మాత్రం అగ్రిమెంట్ ఒకసారి చదవండి, మట్టి రోడ్డు ఎక్కితే ఇన్సూరెన్స్ వర్తించదని మామూలుగా రాసే ఉంటుంది.

నాకు ఈ షాపులో బాగా నచ్చింది తాళం ఇచ్చే ముందు చెప్పిన క్లాసు. ఓనరు, పెద్దాయన, మమ్మల్ని జీప్ దగ్గరే నిలబెట్టి అన్నీ ఓపిగ్గా చెప్పాడు. దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టుకుని కూర్చోవద్దు, “4-Low” (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే మోడ్) వేసి ఫస్ట్ గేర్‌లో పెట్టు, ఇంజినే ఆపుతుంది, లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టవు అన్నాడు. ఇరుకు దారిలో ఎదురుబొదురు అయితే ఎక్కే బండికే దారి, దిగేవాళ్ళే వెనక్కి వెళ్ళి వెడల్పు చోట ఆగాలి, ఎందుకంటే ఎక్కే బండి మధ్యలో ఆగితే మళ్ళీ లాగడం కష్టం, రివర్స్‌లో కిందకి దిగడం ఇంకా ప్రమాదం. కానీ ఎక్కేవాళ్ళ పక్కనే జాగా ఉంటే వాళ్ళే ఆగుతారు, అక్కడ పంతం పనికిరాదు. ఇంకోటి, ఎదురొచ్చేవాళ్ళకి మన వెనకాల ఎన్ని మన బండ్లు ఉన్నాయో వేళ్ళతో చూపించాలి, చివరి బండి అయితే పిడికిలి. నాలుగైదు ఫ్యామిలీలు కాన్వాయ్‌గా వెళ్ళే మనకి ఇది తప్పకుండా తెలియాలి.

ఆ దారి మన ఒక్కళ్ళదీ కాదు. నడిచేవాళ్ళు, సైకిళ్ళు, డర్ట్ బైకులు, గుర్రాలు అందరూ అదే దారి. అమెరికన్ బేసిన్ అనే లోయ దగ్గర హ్యాండీస్ పీక్ శిఖరం ఎక్కేవాళ్ళు రోడ్డు పక్కన నడుస్తుంటే కొందరు దుమ్ము లేపుకుంటూ పోవడం చూసి నిజంగా బాధేసింది, అంత ఎత్తులో ఊపిరే కష్టం, ఆపైన ముక్కు నిండా దుమ్మా? నడక స్పీడుకి తగ్గించి, అద్దం దించి హలో చెప్పండి. గుర్రం కనపడితే ఆపేయండి, హారన్ కొట్టొద్దు.

దారి వదిలి పచ్చిక మీదకి అస్సలు ఎక్కించకండి ప్లీజ్. ఈ దారిలో దాటే కనుమల్లో సిన్నమన్ పాస్ 12,640 అడుగులు, ఇంజినీర్ పాస్ 12,800, చెట్లే బతకని ఎత్తు, అక్కడ మొక్కలు పెరిగేది ఏడాదిలో కొన్ని వారాలే, ఒక్క టైరు జాడ పూడాలంటే దశాబ్దాలు పడుతుంది. ఫొటో కోసం పూల మధ్యలోకి జీప్ దింపినవాళ్ళని చూశాం. బురద గుంట వచ్చినా లోతు చూసుకుని మధ్యలోంచే పోవాలి, పక్కనుంచి తిప్పితే దారి ఏటేటా వెడల్పవుతూ పచ్చికని తినేస్తుంది.

బండి విషయానికొస్తే ముందు సీటు పర్లేదు, వెనక సీటు మాత్రం ఒళ్ళు హూనం. నడుం నొప్పి ఉన్న అమ్మా నాన్నలని వెనక కూర్చోబెట్టకండి, పాత మైనింగ్ ఊరు యానిమాస్ ఫోర్క్స్ దాకా తీసుకెళ్ళి వెనక్కి వచ్చేస్తే వాళ్ళకి చాలు. టైర్లలో గాలి షాపువాళ్ళే తగ్గించి ఇచ్చారు, రాళ్ళ మీద పట్టు బాగుంది, కుదుపూ కొంచెం తగ్గింది. పైన ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి పేపర్ మ్యాపు ఇచ్చారు, దాని మీద బాగా ప్రమాదకరమైన ఇంకో కొండదారి బ్లాక్ బేర్ పాస్‌ని ఎర్ర ఇంకుతో కొట్టేసి అక్కడికి వెళ్తే ఒప్పందం రద్దు అన్నాడు పెద్దాయన. మా తమ్ముడు బతిమాలినా ఒప్పుకోలేదు, ఆ ఒక్క మాటకే నేను అయిదు స్టార్లు ఇస్తాను.

జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మెరుపులు మామూలే, పాసుల మీద పని పొద్దున్నే ముగించేలా ప్లాన్ చేసుకోండి. పెట్రోలు ఊళ్ళలోనే, ట్యాంకు నింపుకుని ఎక్కండి. జీప్ మాత్రం బాగా ముందే బుక్ చేయండి, వీకెండ్లలో దొరకదు.