ఇంటి రౌటర్‌లో డీఎన్‌ఎస్ ఫిల్టర్: నాలుగేళ్లు వాడాక

మా రౌటర్‌లో 185.228.168.168 అనే అంకెలు చేరి నాలుగేళ్లు దాటింది. అశ్లీల సైట్లు తెరుచుకోకుండా ఆపే క్లీన్‌బ్రౌజింగ్ వారి ఉచిత ఫ్యామిలీ ఫిల్టర్ అడ్రసు అది. 2020లో చదువులు ఫోన్లలోకి వచ్చిపడినప్పుడు పెట్టాను. అప్పటికి మా అబ్బాయి ఐదో తరగతి, అమ్మాయి రెండో తరగతి.

పని సూత్రం చిన్నదే. మనం సైటు పేరు కొట్టగానే ఫోను ముందుగా డీఎన్‌ఎస్ సర్వరును (సైట్ల పేర్లకు అడ్రసులు చెప్పే కంప్యూటరును) ఆ పేరుకు ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో దాన్ని గుర్తించే అంకెలు, అడుగుతుంది. ఫిల్టర్ ఉన్న సర్వరు అశ్లీల సైట్ల పేర్లు వస్తే అలాంటిది లేదనేస్తుంది. ఇలాంటివి చాలా ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ 2020 ఏప్రిల్ 1న తెచ్చిన 1.1.1.3 ఉంది, ఓపెన్‌డీఎన్‌ఎస్ ఫ్యామిలీషీల్డ్ (208.67.222.123) ఉంది. ఈ రెండింటికీ ఖాతా అక్కర్లేదు. ఓపెన్‌డీఎన్‌ఎస్‌లోనే ఖాతా తెరిచి ఏ రకం సైట్లు ఆపాలో ఎంచుకోవచ్చు గానీ, అది మన ఇంటిని పబ్లిక్ ఐపీతో (బయటి నెట్‌కు కనిపించే మన అడ్రసుతో) గుర్తుపడుతుంది. మన దగ్గర ఆ ఐపీ తరచూ మారుతుంది, పైగా ఒకే ఐపీని ఎన్నో ఇళ్లకు పంచుతారు. అందుకే ఆ దారి వదిలేశాను. క్లీన్‌బ్రౌజింగ్ గూగుల్, బింగ్, యూట్యూబ్‌లను సేఫ్ మోడ్‌లోకి (పెద్దల సరుకు చూపని తీరులోకి) మారుస్తుంది. నాకు కావలసింది అదే.

రౌటర్ పేజీ తెరిచి (మాది 192.168.1.1) డీహెచ్‌సీపీ భాగంలో (ఇంట్లోని పరికరాలకు నెట్ వివరాలు అందించేది) అంకెలు వేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. అది నిజంగా పనిచేయడానికి రెండు నెలలు పట్టింది.

మొదటి తప్పు నాదే. ప్రైమరీ గడిలో ఫిల్టర్ అడ్రసు వేసి, సెకండరీలో గూగుల్ వారి 8.8.8.8ని ఉండనిచ్చాను. మొదటిది పడిపోతే రెండోది ఆదుకుంటుందని నా లెక్క. కానీ పరికరాలన్నీ ఆ వరుసను పాటించవు. ఏది త్వరగా జవాబిస్తే దాన్ని పట్టుకునేవి కొన్ని, రెండింటినీ మార్చి మార్చి అడిగేవి కొన్ని. ఉదయం ఆగిన సైటు సాయంత్రం హాయిగా తెరుచుకునేది. సెకండరీలోనూ అదే సేవ ఇచ్చే రెండో అడ్రసు 185.228.169.168 వేశాకే ఆ దోబూచులాట ఆగింది.

రెండో చిక్కు ఐపీవీ6, అంటే పాతవాటితో పాటే నడిచే కొత్త తరం పొడవాటి ఐపీ అడ్రసులు. ల్యాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి ఎన్‌ఎస్‌లుకప్ (ఏ డీఎన్‌ఎస్ సర్వరు జవాబిస్తోందో చూపే కమాండ్) కొట్టి చూస్తే, జవాబిస్తున్న సర్వరు దగ్గర నేను వేసిన అంకెలు లేవు. అక్షరాలు, అంకెలు, కోలన్లు కలిసిన బారెడు అడ్రసు ఉంది. ఇంటర్నెట్ ఇచ్చేవారి సొంత సర్వరు అది. నేను వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టానన్నమాట. ఐపీవీ6 గడుల్లోనూ ఫిల్టర్ అడ్రసులు వేయాల్సి వచ్చింది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఫిల్టర్ పెట్టేశామని నిశ్చింతగా ఉన్నవారు చాలామందే ఉంటారని నా అనుమానం.

మూడోది మా అబ్బాయి పుణ్యం. ఆటలో పింగ్ (ఆట సర్వరు నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) తగ్గుతుందని ఏదో వీడియోలో చూసి, తన ఆండ్రాయిడ్ ఫోనులో ప్రైవేట్ డీఎన్‌ఎస్ (ఫోను తనకంటూ విడిగా డీఎన్‌ఎస్ ఎంచుకునే సెట్టింగు) మార్చేశాడు. దాంతో ఆ ఫోను రౌటర్ మాట వినడం మానేసింది. వాడే వచ్చి, "నాన్నా, మీ ఫిల్టర్ నా ఫోనులో పనిచేయడం లేదు, తెలుసా?" అన్నాడు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆట మొదలయ్యాక డీఎన్‌ఎస్‌కు అక్కడ పనే లేదు, పింగ్ దానివల్ల తగ్గదు అని చెప్పాను. వాడు నమ్మలేదు. చివరకు ఆ గడిలోనే ఫిల్టర్ సర్వరు పేరు వేశాం (అక్కడ అంకెలు పనికిరావు, పేరే ఇవ్వాలి). దీనివల్ల మొబైల్ డేటాలోనూ ఫిల్టర్ ఉంటుంది. ఒక్క చిక్కు: హోటళ్లలో, స్టేషన్లలో వైఫై లాగిన్ పేజీ ఒక్కోసారి రాదు. కాసేపు ఆపి, లాగిన్ అయ్యాక మళ్లీ పెట్టాలి.

ఇంట్లో అసలు ఫిర్యాదు మాత్రం పిల్లల నుంచి రాలేదు. "ఏమండీ, వంట వీడియోల కింద కామెంట్లు ఏమయ్యాయి?" అని మా ఆవిడ అడిగింది. ఫిల్టర్ యూట్యూబ్‌ను పెట్టే సేఫ్ మోడ్ పేరు రెస్ట్రిక్టెడ్ మోడ్, అందులో కామెంట్లు కనిపించవు. గోంగూర పచ్చడి వీడియోలో కొలత తప్పితే ఆ సంగతి తెలిసేది కింద పదిమంది రాసినదాన్ని బట్టే కదా! ఆమె ఫోనులో వేరే డీఎన్‌ఎస్ పెట్టి బయటపడ్డాను. నా ల్యాప్‌టాప్‌లోనూ అంతే. రెడ్డిట్ లాంటి మంచీ చెడూ కలిసిన సైట్లను ఈ ఫిల్టర్ పూర్తిగా ఆపుతుంది, ఆ సంగతి వాళ్లే చెప్పుకున్నారు. మరో ఇబ్బంది, సైటు ఆపినప్పుడు ఎందుకు ఆపిందో చెప్పే పేజీ ఏదీ రాదు. బ్రౌజర్ ఊరికే సైటు దొరకలేదంటుంది, ఇంట్లో వాళ్లు నెట్ పోయిందనుకుంటారు.

వాట్సాప్‌లో వచ్చే వీడియోను ఇది ఆపలేదు. డీఎన్‌ఎస్‌కు కనిపించేది సైటు పేరు మాత్రమే, లోపలి పేజీ కాదు. వీపీఎన్ (మన నెట్‌ను వేరే సర్వరు గుండా దాటించే యాప్) వేసుకుంటే ఫిల్టర్‌ను పూర్తిగా దాటిపోవచ్చు. వీపీఎన్ సైట్ల పేర్లనూ ఈ ఫిల్టర్ ఆపుతుంది గానీ, ముందే ఫోనులోకి చేరిన యాప్‌ను ఏం చేయగలదు? పొరపాటున తప్పు లింకు మీద వేలు పడితే కాపాడడం వరకు దీని పని, ఆ పని బాగా చేస్తోంది.

గత ఏడాది నెట్ కనెక్షన్ మార్చాను. వాళ్లిచ్చిన పెట్టెలో డీఎన్‌ఎస్ గడి బూడిదరంగులో బిగుసుకుని ఉంది, మార్చనివ్వదు. దానికి సొంత రౌటర్ తగిలించి, పాత అంకెలు మళ్లీ వేశాను. ఈసారి సెకండరీ గడి, ఐపీవీ6 గడులు కూడా అదే పూటలో నింపేశాను.