లెక్క అడగడానికి రెండు దారులు: సమాచార హక్కు, సామాజిక తనిఖీ

ఉపాధి హామీ నిధులతో ఊళ్లో చెరువు పూడిక తీసినట్టు కాగితాల్లో ఉంది. చెరువు మాత్రం అలాగే ఉంది. లెక్క ఎలా అడగాలి?

2005 నాటి సమాచార హక్కు చట్టం ఒంటరి మనిషికి కూడా ఆ అధికారం ఇచ్చింది. తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసి, మండల కార్యాలయంలో 5 రూపాయలు కడితే చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్. అధికారి తప్పు తేలితే రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. అయితే కమిషన్ దాకా వెళ్తే ఎదురుచూపు చాలా పెద్దది. పైగా అడిగిన వాడి పేరు ఊరంతా తెలిసిపోతుంది. చిన్న ఊళ్లో అది చిన్న భయం కాదు.

సామాజిక తనిఖీ పద్ధతి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి పనులపై ఇది మొదలైంది. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న యువత మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని గడప గడపకూ వెళ్తారు. "అమ్మా, ఇక్కడ పన్నెండు రోజుల కూలి నీకిచ్చినట్టుంది, ముట్టిందా?" అని అడుగుతారు. చదవడం రాని ఆమెకు తన లెక్క తన ఇంటి అరుగు మీదే తెలుస్తుంది. ఆపై గ్రామసభ, మండలంలో ప్రజావేదిక. అక్కడ అధికారి అందరి ముందూ నిలబడి జవాబు చెప్పాలి. కాజేసినట్టు తేలిన సొమ్ము తిరిగి రాబట్టడంలోనే ఇది బలహీనం.

కూలి డబ్బుల విషయమైతే నేను సామాజిక తనిఖీనే నమ్ముతాను. కార్యాలయం బీరువాలో దాగిన ఫైలు బయటికి రావాలంటే మాత్రం దరఖాస్తే రాయాలి.