మొగ్గ ఎప్పటికి విచ్చాలో అడిగి ఇచ్చే పూలకొట్టు

విజయనగరంలో పూలకొట్లకు కొదవ లేదు. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి పరిసరాల్లో పొద్దున్నే బుట్టలు దిగిపోతాయి. వాటిలో ఒక చిన్న కొట్టు గురించి రాస్తున్నాను. బోర్డు లేదు. ఒక పెద్దావిడ, ఆవిడ కోడలు నడుపుతారు. మిగతా చోట్ల “ఎన్ని మూరలు?” అని అడుగుతారు. ఇక్కడ ఆవిడ మొదట అడిగేది, “ఎప్పటికి విప్పాల మేష్టారూ?” అని.

నేను సంస్కృతం చెప్పుకుని బతికేవాణ్ణి. మహారాజా సంస్కృత కళాశాల ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ అమరకోశం అనే సంస్కృత నిఘంటువు నోటికి వచ్చినవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. అందులో చెట్లూ మొక్కల పేర్లు చెప్పే వనౌషధివర్గంలో “ప్రఫుల్లోత్ఫుల్లసంఫుల్లవ్యాకోశవికచస్ఫుటాః” అని ఒక పంక్తి. ఆ వెంటనే “ఫుల్లశ్చైతే వికసితే”. అంటే ప్రఫుల్లం, ఉత్ఫుల్లం, సంఫుల్లం, వ్యాకోశం, వికచం, స్ఫుటం, ఫుల్లం, వికసితం, ఎనిమిదీ బాగా విచ్చిన పువ్వుకు పేర్లే. క్లాసులో “వికసించినది” అని ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకు పోతే పిల్లలకు ఏమీ అందదు. ఈ కొట్టు ముందు అరగంట నిలబడితే అందుతుంది. నా దగ్గర చదువుకునే పిల్లల్ని నిజంగానే తీసుకెళ్ళాను.

మల్లెల సంగతే చూడండి. తెల్లవారకముందే మొగ్గ కోసేస్తారు. బాగా ముదిరి తెల్లబడాలి, కానీ నోరు తెరవకూడదు. ఆవిడ దగ్గర తడిపిన గుడ్డ పరిచిన వెదురుబుట్ట, పైన అరటాకు. ఆ మొగ్గను ముక్కు దగ్గర పెట్టుకున్నా పెద్దగా వాసన ఉండదు. వాసన మొగ్గలో దాచిపెట్టి ఉండేది కాదు, సాయంత్రం రేకులు విడుతున్నప్పుడే పుడుతుంది. రేకు లోపలివైపు కణాలు నీళ్ళు తాగి బయటివైపు కంటే త్వరగా సాగుతాయి, దాంతో రేకు బయటికి వంగుతుంది. ‘ఉత్ఫుల్లం’ అంటే సరిగ్గా ఆ స్థితి. ‘ఫుల్లం’ అంటే విచ్చినది, ‘ఉత్’ అంటే పైకి. ఆశ్చర్యంతో పెద్దవైన కళ్ళను ఉత్ఫుల్ల నేత్రాలు అనేది కూడా అందుకే. మల్లెకు ఆ స్థితి ఆ రాత్రి వరకే. తెల్లారేసరికి అంచులు రంగు మారిపోతాయి. కాబట్టి విచ్చిన మల్లెను కొనడం దండగ. విచ్చే వేళ ఎప్పుడో లెక్కగట్టి మొగ్గను కొనుక్కోవాలి. ఆ లెక్క ఈవిడకు బాగా తెలుసు.

మా అమ్మాయి పెళ్ళి వైశాఖంలో, ముహూర్తం రాత్రి. మధ్యాహ్నం పూలజడ ఇంటికి వచ్చేసరికి అన్నీ ముడుచుకున్న మొగ్గలే. మా వదినగారికి ఒకటే టెన్షన్, “ఇదేటి, కాయల్లా ఉన్నాయి!” అని. కోడలు జడ ఇస్తూ చెప్పిన మాట ఒక్కటే: “ఏడు దాకా ఆకు తియ్యకండి, నీళ్ళు మరి జల్లకండి.” అలాగే చేశాం. జీలకర్ర, బెల్లం పెట్టే వేళకు జడ జడంతా విచ్చుకుని, పందిట్లో వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వాసన తగిలింది. ప్రఫుల్లం, సంఫుల్లం అని విడివిడిగా నేర్పుతాం గానీ, ఒక్క పువ్వూ మూతి ముడుచుకుని ఉండిపోకుండా అన్నీ కలిసి విచ్చిన ఆ జడను చూశాక, నా మటుకు ‘కలిసి’ అనే అర్థమున్న ‘సం’ అనే ఉపసర్గ దానికే తగుతుంది.

దండ కట్టడం కూడా చూడదగ్గదే. నానబెట్టిన అరటినార ఎడమచేతి వేళ్ళ మధ్య ఉంటుంది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడలు కలిపి ఒక చుట్టు, ఒక బిగింపు. బిగింపు ఎక్కువైతే కాడ తెగుతుంది, తక్కువైతే విచ్చేటప్పుడు పువ్వు జారిపోతుంది. ఆవిడ కట్టేటప్పుడు మొగ్గల మధ్య కాస్త ఖాళీ వదులుతుంది. విచ్చాక ఆ ఖాళీ నిండాలట. కొత్తగా చూసేవాళ్ళు పల్చగా కట్టిందని పేచీ పెడతారు. పెట్టకండి.

తామరల దగ్గర ఆవిడ నిజాయితీ నాకు మరీ నచ్చింది. శ్రావణంలో వరలక్ష్మీవ్రతానికి విచ్చిన తామరలు కావాలన్నాను. “మొగ్గ కోసేస్తే నీళ్ళలో పెట్టినా సరిగ్గా విప్పదండి, చెరువులోనే విప్పాల” అంది. చాలాచోట్ల మొగ్గ రేకుల్ని చేత్తో వెనక్కి మడిచి ఇస్తారు. చూడడానికి బాగుంటుంది, నేను తప్పుపట్టను. కానీ అది వ్యాకోశం కాదు. మూసి ఉన్న కోశం తనంతట తాను విడిపోతేనే ఆ పేరు. తామర పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మొదటిరోజు కొంచెమే తెరుచుకుంటుంది, రెండో రోజుకు గిన్నెలా విప్పారుతుంది, నాలుగో రోజుకు రేకులు రాలిపోతాయి. ఆవిడ ముందురోజు చెప్పించుకుని, రెండో రోజు పువ్వుల్ని పొద్దున్నే కోయించి తెప్పించింది. గీతా ధ్యానశ్లోకంలో వ్యాసుణ్ణి “ఫుల్లారవిందాయతపత్రనేత్ర”, అంటే విచ్చిన తామరరేకుల్లాంటి విశాలమైన కళ్ళున్నవాడా, అంటారు కదా, ఆ రేకు పొడవు, వెడల్పు ఎంతో అప్పుడు తెలుస్తుంది. మా పిల్లల్లో ఒకమ్మాయి రేకును అరచేతిలో పెట్టుకుని ఆ సమాసాన్ని విడదీసి విగ్రహవాక్యం చెప్పింది. నా సర్వీసులో అంత ఆనందం ఎప్పుడో గానీ కలగలేదు.

లోపాలూ ఉన్నాయి. ధర రాసిపెట్టరు. మూర అంటే ఎవరి చేతి మూర అన్నది రోజూ ఉండే గొడవే, కోడలు మూర అత్తగారి మూర కంటే కాస్త తక్కువ. పెళ్ళిళ్ళ రోజుల్లో రేటు పెంచుతారు, బేరానికి లొంగరు. చేమంతులు మాత్రం ఇక్కడ వద్దు, ఆ కొట్టులో అవి తరచుగా నలిగి ఉంటాయి. కనకాంబరాలు పర్వాలేదు. వాసన లేని పువ్వే అయినా మల్లెల పక్కన రంగు బాగా పడుతుంది.

మల్లెలు కొని ఇంటికి తీసుకెళ్ళాక పండ్ల పక్కన పెట్టొద్దు, అరటిపళ్ళ పక్కన అసలే వద్దు. పండే పళ్ళ నుంచి వచ్చే వాయువుకు పువ్వు తొందరగా వాడిపోతుంది. వెంటనే అక్కర్లేకపోతే తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, విచ్చడం కాస్త ఆలస్యమవుతుంది.

మామూలు రోజుల్లో ఉదయం ఏడులోపు వెళ్తే మంచి మొగ్గలు దొరుకుతాయి. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్ళు అనే వేడుక. ఆ రెండు రోజులూ అక్కడ నిలబడే చోటు కూడా ఉండదు. వారం ముందే చెప్పి, ఎన్ని మూరలు అన్నదానితో పాటు ఎన్ని గంటలకు విచ్చాలో కూడా చెప్పండి.