పాత స్విఫ్ట్‌కి రివర్స్ కెమెరా: మూడేళ్లు వాడాక

మాది 2013 స్విఫ్ట్. వెనక అద్దం చిన్నది, దానికి రెండు పక్కలా బాడీ మందం. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే లోపలి అద్దంలో తలకాయలు తప్ప ఏమీ కనబడవు. పైగా ఉండేది విజయవాడలో అపార్ట్‌మెంటు. సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య మా పార్కింగు, వెనక గోడ, ఆ గోడకి ఎప్పుడూ ఎవరిదో ఒక సైకిలు. ఇంజన్‌కి ఇంకా ఢోకా లేదు, కెమెరా కోసం కారు మార్చే ఉద్దేశం అసలే లేదు. అందుకని ఆటోనగర్‌లో బయటి కెమెరా ఒకటి బిగించుకున్నాను. లోపలి అద్దం మీద తగిలించే స్క్రీను, బిగింపు కూలి అన్నీ కలిపి నాలుగు వేల లోపే అయింది.

మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకి రివర్స్ పార్కింగ్ సెన్సర్లు, అంటే వెనక ఏదైనా దగ్గరైతే బీప్ కొట్టేవి, తప్పనిసరి. అంతకుముందు కొన్నవాళ్లకి సైడ్ అద్దాలూ, "రానీ, రానీ" అనే వాచ్‌మనూ దిక్కు. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లకి కెమెరానే తప్పనిసరి చేశారు. దానికి మూలమైన చట్టానికి, వెనక్కి వస్తున్న కారు కింద పడి చనిపోయిన రెండేళ్ల పిల్లాడి పేరు పెట్టారు. కెమెరా వల్ల అసలు ప్రయోజనం అదే. బంపర్‌కి దగ్గరగా, వెనక అద్దం అంచుకి కింద ఉండేది ఎంత మెడ తిప్పినా కనబడదు. పిల్లలు, కుక్కలు, పూలకుండీలు, గేటు దగ్గర మోకాలెత్తు రాయి, ఇవన్నీ ఇప్పుడు కనబడుతున్నాయి. సెన్సర్లు గోడని బాగా పట్టుకుంటాయి కానీ సన్నటి ఇనుప కడ్డీనీ, నేలకి అతుక్కుని ఉన్న రాయినీ చాలాసార్లు వదిలేస్తాయి. అలాగని సెన్సర్లు తీసేయమనను. స్క్రీను వైపు చూడని క్షణంలో బీప్ పనికొస్తుంది.

కెమెరా చూపించనిది ఇంకోటుంది. స్టీరింగ్ తిప్పి వెనక్కి వస్తుంటే కారు ముందు మూల బయటికి తిరుగుతుంది. స్క్రీను మీదే కళ్లు పెట్టుకుని వస్తే వెనక భద్రంగానే ఉంటుంది, ముందు బంపర్ పిల్లర్‌కి రాసుకుంటుంది. మా సెల్లార్‌లో కెమెరా ఉన్న కార్లకి కూడా గీతలు ఎక్కువగా ముందు మూలల్లోనే ఉన్నాయి.

స్క్రీను మీద వచ్చే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతల్ని మొదటిరోజే నమ్మకండి. చవక కెమెరాల్లో ఆ గీతలు స్టీరింగ్‌తో పాటు తిరగవు, మీ బంపర్ ఎత్తు వాటికి తెలియదు. పైగా లెన్సు వెడల్పుగా చూపించేది కాబట్టి గోడ ఉన్నదానికంటే దూరంగా అనిపిస్తుంది. బంపర్ నుంచి మీటరు దూరంలో వాటర్ క్యాన్ పెట్టి, అది ఏ గీత మీద పడుతుందో చూసుకున్నాను. కెమెరాని కొంచెం కిందికి వంచి, స్క్రీను అడుగున బంపర్ అంచు కాస్త కనబడేలా పెట్టించాను. ఆ అంచు కనబడితే గీతలతో పెద్దగా పనుండదు. ఇంకో సంగతి, బొమ్మ అద్దంలోలాగా తిరగేసి రావాలి. అలా రాకపోతే కుడివైపు బైకు స్క్రీనులో ఎడమవైపు కనబడుతుంది, కంగారు పడి చెయ్యి తప్పు వైపు తిప్పుతాం. చాలా కెమెరాలకి ఇందుకోసం కత్తిరించే చిన్న వైరు ఒకటి ఉంటుంది.

అద్దం మీద తగిలించే స్క్రీనుతో నాకున్న ఒకే ఒక్క అసంతృప్తి రాత్రి హైవే ప్రయాణం. అసలు అద్దానికి వెనక లైట్లు కళ్లలో కొట్టకుండా వంచుకునే మీట ఉంటుంది. పైన ఇంకో అద్దం తగిలిస్తే ఆ సౌకర్యం పోయినట్టే. డ్యాష్‌బోర్డులో ఆండ్రాయిడ్ స్క్రీను ముందే ఉన్నవాళ్లు దానికే కలిపించుకోవడం మేలు. కాకపోతే హెచ్‌డీ రకం కెమెరా కొంటే ఆ స్క్రీను సెట్టింగ్స్‌లో సరైన ఫార్మాట్ ఎంచుకోవాలి, లేదంటే నల్లగా ఉండిపోతుంది.

"నైట్ విజన్" అన్న మాటకి ఎక్కువ డబ్బు పెట్టకండి. లెన్సు చుట్టూ ఉండే ఆ బుల్లి లైట్లు ఎక్కువ దూరం పనిచేయవు. రాత్రి వెలుగంతా రివర్స్ బల్బుదే. వానాకాలంలో లెన్సు మీద చుక్కలు, మామూలు రోజుల్లో దుమ్ము. హ్యాచ్‌బ్యాక్ వెనక భాగానికి దుమ్ము మరీ ఎక్కువ పడుతుంది, బయల్దేరే ముందు వేలితోనో గుడ్డతోనో తుడవాల్సిందే.

బిగింపులో చూడాల్సింది కెమెరా కంటే వైరు పని. కెమెరాకి కరెంటు రివర్స్ లైటు వైరు నుంచి తీసుకుంటారు, అందుకే గేరు పడినప్పుడే వెలుగుతుంది. బొమ్మ తెచ్చే పసుపు పిన్ను వైరు గుమ్మం పక్క ప్లాస్టిక్ కింద నుంచి ముందుకి వస్తుంది. దాంతోపాటు వచ్చే సన్నటి ఎర్ర వైరు, రివర్స్ గేరు పడిందని స్క్రీనుకి చెప్పడానికి. జాయింట్లకి టంకం వేయించి ట్యూబు తొడిగించండి. వైరు చుట్టేసి టేపు వేస్తే మన ఎండకి జిగురు కరిగి ఊడిపోతుంది. డిక్కీ డోరుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది, కెమెరా వైరు అందులోంచే రావాలి. షాపు కుర్రాడు తొందరలో డోరు సందులోంచి లాగేస్తే, మూసినప్పుడల్లా నలిగి కొన్నాళ్లకి తెగుతుంది, పైగా వాన నీరు లోపలికి దిగుతుంది. గొట్టంలోంచి వెళ్లిన వైరుకి కూడా డోరు ఎత్తి దించే కొద్దీ అక్కడే ముందు చీలిక వస్తుంది.

అందుకే బొమ్మ రాకపోతే షాపుకి పరుగెత్తే ముందు, గేరు వేసి రివర్స్ లైటు వెలుగుతుందో లేదో ఎవరినైనా చూడమనండి. అది కూడా వెలగకపోతే తప్పు కెమెరాది కాదు, ఫ్యూజో గేర్‌బాక్సు దగ్గరి స్విచ్చో అయ్యుంటుంది. లైటు వెలిగి, స్క్రీను ఆన్ అయినా బొమ్మ లేకపోతే ఆ రబ్బరు గొట్టం దగ్గర మొదలుపెట్టండి.

నా మొదటి కెమెరా రెండో ఎండాకాలం దాటాక మసకబారింది, తర్వాతి వానలకి లోపల తేమ చేరింది. మార్చడానికి వెయ్యిలోపే అయింది. వైర్లు పాతవే ఉంచాం, కెమెరా దగ్గర జాయింట్లు మాత్రమే విప్పాల్సి వచ్చింది కాబట్టి అరగంటలో పనయిపోయింది.