మూడేళ్ల మెంతులు, ఆరు నెలల క్యాప్సూళ్లు, ఒక గిద్ద బియ్యం

మాది కోనసీమ. మారు అన్నం వద్దంటే ఒంట్లో బాగోలేదా అని అడిగే ఇల్లు. మూడేళ్ల కిందట హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 8.9 వస్తే డాక్టరుగారు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర రాసి, అన్నం తగ్గించమన్నారు. నేను అదొక్కటీ వదిలేసి మిగతావన్నీ చేశాను.

ముందు క్యాప్సూళ్లు. పొడపత్రి, నేరేడు గింజలు, దాల్చినచెక్క, క్రోమియం అన్నీ ఒకే సీసాలో. నెలకు పద్నాలుగు వందలు. ఆరు నెలలు వాడితే 8.6 అయింది. అది మెట్‌ఫార్మిన్ పుణ్యమో, దీనిదో తెలీదు. క్యాప్సూల్ పడుతోంది కదా అన్న ధైర్యంతో ఆత్రేయపురం పూతరేకులు మాత్రం రెండు ఎక్కువే లాగించాను.

ఆ తర్వాత డాక్టరుగారు గ్లిమిపిరైడ్ అనే ఇంకో షుగర్ మాత్ర కూడా చేర్చారు. నేను ఆయనకు చెప్పకుండా పరగడుపున కాకర రసం మొదలుపెట్టాను. ఒకరోజు కాలవగట్టు మీద చేతులు వణికి, చొక్కా తడిసిపోయింది. ఇంటికొచ్చి మీటరు పెడితే 61. పంచదార నీళ్లు తాగాక మనిషినయ్యాను. ఆ రెండూ కలిస్తే షుగర్ మరీ కిందికి పడిపోవచ్చట. చివాట్లు తిన్నాను, రసం మానేశాను.

మెంతులు ఇప్పటికీ వాడుతున్నాను. రాత్రి చెంచాడు నానబెట్టి పొద్దున నములుతాను. వాటిలోని పీచు తిన్నది నెమ్మదిగా అరిగేలా చేస్తుంది. కాకపోతే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగాల్లో రోజుకు 25 గ్రాములు, ఆపైనే ఇచ్చారు. నా చెంచాడు ఏ మూలకి? పెంచి చూశాను, కడుపుబ్బరం.

చివరికి అన్నం దగ్గరికే వచ్చాను. మధ్యాహ్నం నా ఒక్కడికే అరసోల బియ్యం పడేవి. గిద్దకు, అంటే సగానికి దించాను. ముందు పనసపొట్టు కూరో, చేపల పులుసులో ముక్కలో సగం కడుపుకు తిని, అప్పుడు అన్నం కలుపుతాను. బియ్యం కూడా మార్చాం. మా చేలో పండేది స్వర్ణ, అప్పటిదాకా ఇంట్లో వండింది సాంబ. ఇప్పుడు స్వర్ణే వండుకుంటున్నాం. స్వర్ణ 1982లో మన మారుటేరు వరి పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు 235 రకాలు పరీక్షిస్తే, గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే లెక్క, తక్కువున్న వాటిలో ఇదీ తేలింది. లావు బియ్యమని మనం మిల్లుకు తోలేస్తున్నాం! పొట్టు మరీ తీసేయకుండా ఆడించుకుంటున్నాం. మొదటి వారం గొంతు దిగలేదు, ఇప్పుడు అలవాటైపోయింది. అలాగని స్వర్ణే కదా అని కంచం నింపితే మీటరు ఊరుకోదు, అదీ చూశాను.

తిన్న రెండు గంటలకు 240 చూపించే మీటరు ఇప్పుడు 160 దగ్గర ఆగుతోంది. మొన్నటి హెచ్‌బీఏ1సీ 7.1. గ్లిమిపిరైడ్ డాక్టరుగారే తీసేశారు.

షుగర్ మందులు కాక, డబ్బు పెట్టినందుకు పనిచేసిన మాత్ర ఒక్కటే, బీ12 విటమిన్. అరికాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే పరీక్ష చేయించారు, బాగా తక్కువుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గుతుందట. రెండు నెలల్లో తిమ్మిర్లు చాలావరకు పోయాయి.

అమ్మకు మాత్రం ఈ లెక్కలు నచ్చవు. నా గిద్దను తలకొట్టకుండా గోపురంలా కొలుస్తుంది. నేను వెనకే నిలబడి, పైది అరచేత్తో డబ్బాలోకి తోసేస్తాను.