ఆర్మా 3లో ఎంకే 30 హెవీ మెషిన్ గన్: రెండు సంచుల బరువు

ఆర్మా 3 అనే కంప్యూటర్ యుద్ధ ఆట గురించి మాట్లాడుకునేటప్పుడు ఎక్కువమంది హెలికాప్టర్ల దగ్గర, ట్యాంకుల దగ్గర ఆగిపోతారు. ముక్కాలి స్టాండు మీద నిలిపి, వెనక కూర్చుని కాల్చే ఎంకే 30 హెవీ మెషిన్ గన్ గురించి వివరంగా రాసినవాళ్లు తెలుగులో నాకు కనిపించలేదు. నల్లగొండలో మేము నలుగురం స్నేహితులం కొన్నేళ్లుగా శని, ఆదివారాల రాత్రుళ్లు ఈ ఆట ఆడుతున్నాము. మా జట్టులో ఆ గన్ను మోసే పని మొదటినుంచీ నాదే కాబట్టి, దాని మంచిచెడ్డలు రెండూ చెప్పగలననే నమ్మకంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

చెక్ దేశానికి చెందిన బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థ ఈ ఆటను 2013 సెప్టెంబరులో పూర్తిస్థాయిలో విడుదల చేసింది. కథాకాలం 2035. ప్రధాన యుద్ధరంగమైన ఆల్టిస్ ద్వీపం 270 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, దానిని గ్రీసు దేశపు లెమ్నోస్ ద్వీపాన్ని చూసి తీర్చిదిద్దారు. ఎండకు మాడిన గడ్డి, అక్కడక్కడ ముళ్లపొదలు, రాళ్లు తేలిన గుట్టలు ఉన్న ఆ నేలను మొదటిసారి చూసినప్పుడు మే నెలలో దేవరకొండ దారి గుర్తుకు వచ్చింది. ఇటువంటి నేల మీద దాక్కోవడానికి చోటు తక్కువ, కనుచూపు మేర ఎక్కువ. హెవీ మెషిన్ గన్‌కు కావలసింది సరిగ్గా అదే.

ఎంకే 30 రూపం చూస్తే అమెరికాలో తయారై, సైన్యంలో స్థిరపడకుండానే ఆగిపోయిన ఎక్స్‌ఎం 312 అనే గన్ను పోలిక స్పష్టంగా తెలుస్తుంది. వాడే తూటా మాత్రం పాతదే, గుండు మందం 12.7 మిల్లీమీటర్లు, మందు నింపే తొడుగు పొడవు 99 మిల్లీమీటర్లు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే రోజులలో జాన్ బ్రౌనింగ్ రూపకల్పన మొదలుపెట్టిన గన్ను 1933లో ఎం2గా స్థిరపడి, ఇవాళ్టికీ ఎన్నో దేశాల సైన్యాలలో ఇదే తూటాతో పనిచేస్తున్నది. అసలు ఎం2 ఒక్కటే సుమారు 38 కిలోలు, దాని స్టాండు మరో 20 కిలోలు ఉంటుంది. అంటే రెండూ కలిస్తే ఒక సిమెంటు బస్తా కంటే ఎక్కువ. ఆ బరువును ఎవరు మోస్తారు, ఎంత దూరం మోస్తారు అన్న ప్రశ్నను ఆట పక్కన పెట్టకుండా ముందుకు తెచ్చినందుకే నాకు ఎంకే 30 మీద ఇంత ఇష్టం కలిగింది.

ఇక్కడ గన్ను ఒక మనిషి చేతిలో ఉండదు. విప్పిన గన్ను ఒక సంచిలో, మడిచిన స్టాండు ఇంకొక సంచిలో ఉంటాయి కాబట్టి, ఇద్దరు మనుషులు రెండు సంచులు వేసుకుని గుట్ట ఎక్కి, ఒకచోట కలిసి నిలబడితే తప్ప గన్ను తయారు కాదు. బరువు వల్ల ఊపిరి తొందరగా ఎగపోస్తుంది, పరుగెత్తే దూరం తగ్గుతుంది, పైకి చేరాక చేయి వణుకుతుంది. ఒకసారి నేను గన్ను సంచితో గుట్ట పైకి చేరుకున్నాను. స్టాండు తెస్తున్న మిత్రుడు నాకు నాలుగువందల మీటర్ల వెనక, రోడ్డు దాటుతూ దెబ్బతిని పడిపోయాడు. కింద శత్రువుల లారీలు వరుసగా వెళుతున్నాయి, నా వీపు మీద అంత గొప్ప ఆయుధం ఉంది, అయినా దానితో ఒక్క తూటా కాల్చలేకపోయాను. చివరికి పొదల చాటున పాకుతూ వెనక్కి వెళ్లి, అతని సంచి తీసుకురావడానికి ఇంకొకరిని పిలవవలసి వచ్చింది. ఆ రాత్రి తరవాత మేము ఎప్పుడూ స్టాండు మోసే మనిషిని ముందు దాటనిచ్చి, వెనక నుంచి కాపు కాస్తున్నాము.

గన్ను నిలబెట్టే చోటు విషయంలో నాకు పాఠం చెప్పినది మా వాడకట్టులో ఉండే, సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, నేను ఆడుతుంటే కాసేపు వెనక నిలబడి చూశారు. నేను సరిగ్గా గుట్ట శిఖరం మీద గన్ను బిగించి కూర్చున్నాను. వరుసగా మూడుసార్లు దూరం నుంచి తగిలిన తూటాకు చనిపోయాను. అప్పుడాయన, "బిడ్డా, కొస మీద కూసుంటే నీ తలకాయ ఆకాశంల నల్లగ కనబడ్తది. జర కిందికి దిగి పెట్టు, ఎనకకు గుట్ట ఉండాలె" అన్నారు. లతీఫ్ సాహెబ్ గుట్ట మీద పొద్దుగూకే వేళ నిలబడ్డవాళ్లు కింద ఊరిలోకి ఎంత స్పష్టంగా కనిపిస్తారో నల్లగొండవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అదే మనిషి నాలుగు మెట్లు కిందికి దిగితే రాళ్ల రంగులో కలిసిపోతాడు. ఆటలో కూడా అచ్చంగా అలాగే జరిగింది. శిఖరానికి పది పన్నెండు మీటర్ల కిందికి గన్ను మార్చిన తరవాత, నన్ను వెతకడానికే వాళ్లకు చాలాసేపు పట్టింది.

ఆయన చెప్పిన రెండో మాట ఇంకా విలువైనది. రోడ్డుకు ఎదురుగా అడ్డంగా కాకుండా, రోడ్డు పొడవునా తూటాలు పోయేటట్టు గన్నును ఒక పక్కన పెట్టమన్నారు. పత్తి చేను గట్టు మీద నిలబడి సాలుకు అడ్డంగా చూస్తే ఎదురుగా ఒకటి రెండు మొక్కలే కనిపిస్తాయి, సాలు మొదట్లో నిలబడి చూస్తే చివరిదాకా అన్ని మొక్కలూ ఒకే గీతలో నిలుస్తాయి. వరుసగా నడిచే సైనికుల విషయమూ అంతే, మొదటివాడికి తగలని తూటా మూడోవాడికో ఐదోవాడికో తగులుతుంది. ఈ చిన్న మార్పు తరవాత అదే గన్ను, అదే తూటాల బెల్టు మాకు వేరే ఆయుధంలాగా పనిచేసింది.

ఇక కాల్పుల సంగతి. ఆర్మా 3లో తూటా గీత గీసినట్టు నేరుగా పోదు, దూరం పెరిగేకొద్దీ కిందికి వంగుతుంది, గాలి నిరోధానికి వేగం తగ్గుతుంది. పేజ్ అప్, పేజ్ డౌన్ మీటలతో గురి దూరాన్ని సరిచేసుకోవాలి. అందుకే పక్కన ఉన్న సహాయకుడు రేంజ్ ఫైండర్‌తో దూరం చదివి చెబుతుంటే గన్నర్ పని సగం తేలికవుతుంది. దాదాపు 680 మీటర్ల దూరంలో ఉన్న ఇంటి మీద కాల్చినప్పుడు తూటా సుమారు ఒక సెకనులో గోడను తాకుతుంది, గన్ను చప్పుడు అక్కడికి చేరడానికి రెండు సెకన్లు పడుతుంది. ఈ తేడాను ఆట నిజాయితీగా చూపిస్తుంది. ఒకసారి నేను అవతలి పక్షంలో ఉన్నప్పుడు, ముందు నా పక్కన గోడ పెచ్చులు లేచాయి, చెవి పక్కన కొరడా ఝళిపించినట్టు చప్పుళ్లు వినిపించాయి, ఆ తరవాతే దూరంగా గుట్ట వైపు నుంచి గన్ను మోత వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్న నేను కుర్చీలోనే వంగిపోయాను. పలచని గోడలు, కారు తలుపులు ఈ తూటాను ఆపలేవు, ఇంజను చాటునో మందపాటి రాతి గోడ చాటునో చేరితేనే ప్రాణం నిలుస్తుంది.

కొత్తగా ఈ గన్ను పట్టేవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది, నేనూ చేశాను. ఇసుక బస్తాల గోడ వెనక గన్ను పెట్టినప్పుడు గురి చూసే అద్దం గోడకు పైన ఉంటుంది, తూటా వచ్చే గొట్టం దానికి కింద ఉంటుంది. కంటికి ఎదురుగా అంతా ఖాళీగా కనిపిస్తుంది, మీట నొక్కితే మాత్రం ఆరు అంగుళాల ముందున్న బస్తా నుంచి దుమ్ము లేచి తెర అంతా కమ్ముకుంటుంది. లోపం ఆటదని ఆ రోజు కోపగించుకున్నాను కానీ, ఎత్తుగా నిలిచే రకం స్టాండు ఎందుకు ఇచ్చారో అప్పుడే అర్థమైంది. ముందు గోడ ఉంటే ఎత్తు రకం, బయలులో ఉంటే నేలకు దగ్గరగా ఉండే రకం తీసుకోవాలి.

నిజమైన లోపాలూ ఉన్నాయి. అసలు ఆటలో గొట్టం వేడెక్కడం అన్నదే లేదు. నిజమైన గన్నర్ ఆరేడు తూటాలు కాల్చి ఆగుతాడు, లేకపోతే గొట్టం పాడవుతుంది. ఇక్కడ బెల్టు అయిపోయేదాకా మీట వదలకపోయినా ఏమీ కాదు, దానివల్ల కొత్తవాళ్లకు చెడ్డ అలవాటు పడుతుంది. వాలు నేల మీద పెడితే స్టాండు కాళ్లు విడివిడిగా సర్దుకోక గన్ను మొత్తం పక్కకు ఒరుగుతుంది, గురి కూడా ఒరుగుతుంది. అన్నిటికంటే నన్ను బాధించేది భయం విషయం. హెవీ మెషిన్ గన్ అసలు పని ఎదుటివాడిని తల ఎత్తనివ్వకుండా చేయడం. కంప్యూటర్ నడిపే సైనికులు తూటాల జడికి నేలకు కరుచుకుంటారు, మనుషులు ఆడే ప్రత్యర్థులు మాత్రం ఇది ఆటే కదా అని లేచి గురి చూసి కాలుస్తారు. ఆ సంగతి తెలిసి కూడా చాలా ఆన్‌లైన్ సర్వర్లలో గన్నర్‌ను అందరికంటే ముందు నిలబెడుతున్నారు.

గన్ను తిరిగే కోణానికి హద్దు ఉండటాన్ని కొందరు లోపంగా చెబుతారు, నేను అంగీకరించను. ఎడమ నుంచి కుడికి ఒక హద్దు వరకే తిరిగే గన్నును వాడుతున్నప్పుడు, మిగిలిన దిక్కును ఇంకొకరు కాపాడాలన్న అవసరం దానంతటదే పుడుతుంది. అటువంటి హద్దు లేని గన్ను కావాలంటే గెరిల్లా దళాల పికప్ బండి మీద బిగించిన ఎం2 ఉంది. అది అన్ని వైపులా తిరుగుతుంది, తొందరగా పారిపోవచ్చు. కానీ నడుము పై భాగమంతా బయటకు కనిపించే గన్నర్ ఎక్కువసేపు బతకడు, గతుకుల మీద బండి నడుస్తుండగా కాల్చిన తూటాల్లో పదికి ఒకటి తగిలినా గొప్పే.

అసలు ఆటలోని ఈ కొరతలలో కొన్నిటిని ఏస్ 3 అనే ఉచిత మోడ్, అంటే ఆటకు అభిమానులు తయారుచేసిన అదనపు భాగం, తీరుస్తుంది. అందులో స్టాండును విడిగా పాతాలి, గన్నును దాని మీద విడిగా ఎక్కించాలి, తూటాల పెట్టెను చేతితో అందించాలి. సహాయకుడికి అప్పటిదాకా లేని గౌరవం వస్తుంది, ఎందుకంటే అతను పెట్టె అందించకపోతే గన్ను మూగదైపోతుంది. మా జట్టు ఇప్పుడు దీనినే వాడుతున్నది, అలవాటైన తరవాత పాత పద్ధతికి వెళ్లబుద్ధి కాలేదు.

మొదలుపెట్టేవాళ్లు నేరుగా సర్వర్‌లోకి వెళ్లకుండా, ఆటతోపాటే వచ్చే, మన యుద్ధరంగాన్ని మనమే అమర్చుకునే ఈడెన్ ఎడిటర్‌లో ఒక గుట్ట ఎంచుకుని, 400, 800, 1200 మీటర్ల దూరాలలో మూడు పాత బండ్లు నిలిపి, వాటి మీద అలవాటు చేసుకోవడం మంచిది. ప్రతి దూరానికీ నాలుగైదు తూటాలు కాల్చి ఆగాలి, అవి ఎక్కడ దుమ్ము లేపాయో చూసి గురి సరిచేసుకోవాలి. ఆ తరవాత నమ్మకమైన మిత్రుడిని ఒకరిని పిలిచి, గన్ను సంచి అతనికి ఇచ్చి, స్టాండు సంచి మీరు తీసుకుని, ఒకసారి ఆ గుట్ట కింద నుంచి పై దాకా నడవండి.