నడుమ ఒక సమాన చిహ్నం: ఇంగ్లీషు–స్లొవీన్ జాతీయాల చేతిపుస్తకంతో అయిదేళ్లు

ఈ పుస్తకానికి అట్ట లేదు, మొదటి నాలుగు పుటలూ లేవు, కనుక దాని పేరు గానీ కూర్పరి పేరు గానీ చెప్పలేను. స్లొవీనియా రాజధాని లుబ్లియానాలో నది ఒడ్డున ఆదివారం పూట జరిగే పాత వస్తువుల సంతలో, ఇత్తడి గరిటెలకూ తపాలా బిళ్లల ఆల్బములకూ మధ్య పడి ఉంటే 3 యూరోలిచ్చి తెచ్చుకున్నాను. ఎడమ పక్క ఇంగ్లీషు క్రియ లేదా జాతీయం, కుడి పక్క దానికి సరిపోయే స్లొవీన్ మాట, రెండింటి నడుమ ఒక సమాన చిహ్నం, పుస్తకమంతా ఇంతే. సెకండరీ చదువు ముగిశాక ఇక్కడి పిల్లలు రాసే మతురా పరీక్ష కోసం ఎవరో దీన్ని బాగానే నూరిపోసుకున్నట్లు పుటల అంచుల్లోని పెన్సిలు గీతలు చెబుతున్నాయి. స్లొవీన్ పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోవడానికి తయారైన ఆ పుస్తకాన్ని నేను తలకిందులుగా, అంటే ఇంగ్లీషు నుంచి స్లొవీన్ నేర్చుకోవడానికి, అయిదేళ్లుగా వాడుతున్నాను. తెలుగు నుంచి నేరుగా స్లొవీన్‌కు తీసుకువెళ్లే నిఘంటువు నాకు దొరకలేదు. సుమారు 20 లక్షల మంది ఉండే దేశం, అంటే మన ఒక జిల్లా జనాభా; తెనాలి నుంచి వచ్చిన నాలాంటి వారి కోసం ఎవరైనా అటువంటి పుస్తకం వేస్తారని ఆశించడం కూడా అత్యాశే.

మొదటి ఏడాది దీన్ని గురించి అడిగిన వారికీ అడగని వారికీ కూడా పొగిడి చెప్పాను. అందుకు కారణం పుస్తకం గొప్పతనం కన్నా స్లొవీన్ భాష తీరు అని ఇప్పుడు అనిపిస్తోంది. ఎడమ పక్క ఇంగ్లీషులో ఎప్పుడూ 'నేను' ముందు నిలబడి ఒకదాన్ని ఇష్టపడుతూ ఉంటాడు. కుడి పక్క 'వ్షెచ్ మి యె' అని ఉంటుంది, అంటే అక్షరాలా 'నాకు నచ్చింది'. ఇంగ్లీషువాడు తానే చల్లబడిపోయినట్లు మాట్లాడే చోట స్లొవీనులు 'మ్రాజ్ మి యె' అంటారు, 'నాకు చలిగా ఉంది' అన్నట్లు. విసుగు పుట్టినా, ఉక్క పోసినా, నిద్ర ముంచుకొచ్చినా అన్నీ మనకు లాగే 'నాకు' దగ్గరికే వచ్చి చేరతాయి. ఇంట్లో పాలు అయిపోతే ఇంగ్లీషులో మనిషే ఎటో పరుగెత్తినట్లు ఉంటుంది. ఇక్కడ మాత్రం 'జ్మాన్‌కాలో మి యె మ్లెకా' అంటే చాలు, పాలు వాటంతట అవే తరిగిపోతాయి, నింద ఎవరి మీదా పడదు. మా అమ్మమ్మ బియ్యం లేవనకుండా 'నిండుకున్నాయి' అనేది గుర్తొచ్చి ఆ పుట మడత పెట్టుకున్నాను. (ఆకలి దగ్గర మాత్రం ఈ పోలిక చెడుతుంది, స్లొవీనుకు ఆకలి వేయదు, ఇంగ్లీషువాడికి లాగే తానే ఆకలిగొన్నవాడుగా 'ఉంటాడు'.)

దుస్తులు వేసుకోవడానికి ఇంగ్లీషులో ఒకే క్రియ ఉన్న చోట కుడి పక్క రెండు మూడు మాటలు కనిపించిన రోజు మరింత సంబరపడ్డాను. చొక్కా, కోటు అయితే ఒబ్లెచి, కాళ్లకు తొడిగేవి అయితే ఒబుతి. విప్పేటప్పుడు స్లెచి వేరు, సెజుతి వేరు, కళ్లజోడు తీయడానికి స్నెతి వేరు. చీర కట్టుకుని, చెప్పులు తొడుక్కుని, కళ్లజోడు పెట్టుకునే భాష నుంచి వచ్చినదాన్ని కనుక ఈ విభజన నాకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. మా భాషా తరగతిలో ఇంగ్లీషు మాతృభాషగా గలవారు బూట్లకు కూడా ఒబ్లెచి వాడి నాలుక కరుచుకుంటుంటే, నేను వెనక బెంచీలో కూర్చుని కాస్త గర్వపడిన మాట కూడా నిజమే.

ఇక జోరువానకు పుస్తకం ఇచ్చిన సమానార్థకం చూశాక దాన్ని పూర్తిగా నమ్మేశాను. ఇంగ్లీషులో కుక్కలూ పిల్లులూ కురిసే చోట స్లొవీనులు 'లియె కోట్ ఇజ్ ష్కాఫా' అంటారు. ష్కాఫ్ అంటే చెక్కతో చేసిన తొట్టి, అందులోంచి కుమ్మరించినట్లు వాన పడుతోందని అర్థం. మన కుండపోతకు ఇంతకన్నా దగ్గరి చుట్టం ఎక్కడ దొరుకుతుంది? ఒక దెబ్బకు రెండు పిట్టలు ఇక్కడ రెండు ఈగలు అవుతాయి, మన గోరంత కొండంత అయితే ఇక్కడ ఈగ ఏనుగు అవుతుంది. అలా పది చోట్ల ఒకదానికొకటి అతికినట్లు సరిపోయే సరికి, పదకొండో చోట కూడా ఆ సమాన చిహ్నం నిజమే చెబుతోందని అనుకున్నాను. నా కోపమంతా ఆ చిహ్నం మీదే.

మూడో శీతాకాలంలో జరిగింది ఇది. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు డెబ్బయి దాటిన పెద్దావిడ, కింది వాటాలోనే ఉంటుంది. నేను ఆవిడను ఇక్కడి మర్యాద ప్రకారం గొస్పా అని, 'మీరు' అనే పిలుస్తాను. స్లొవీన్‌లో కూడా మనలాగే పెద్దలకూ పరిచయం లేనివారికీ బహువచనమే వాడతారు. ఆ సాయంత్రం ఆవిడ అక్రోటు కాయల పిండి కూరి చుట్టిన పొతిత్సా రొట్టె నాలుగు ముక్కలు పళ్లెంలో పెట్టుకుని పైకి వచ్చి, మరునాడు పొగగొట్టం శుభ్రం చేసే దిమ్నికార్ వస్తాడని చెప్పింది. ఇక్కడ దిమ్నికార్ ఎదురుపడితే శుభశకునం, కనబడగానే చొక్కా గుండీ పట్టుకోవాలని నమ్మకం. ఆవిడ ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా, 'అతను వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా నువ్వు గుండీ వదలకూడదు, వదిలితే అద్దె పెరుగుతుంది' అంది.

నాకు నవ్వు వచ్చింది. ఆటపట్టిస్తున్నారు కదా అనాలనుకున్నాను. తెలుగులో తోచిన ఆ మాట ముందుగా ఇంగ్లీషులో కాలు లాగే జాతీయంగా మారింది, ఆ వెంటనే పుస్తకంలో దాని కుడి పక్క ఉన్న మాట గుర్తొచ్చింది: వ్లెచి జా నోస్, అంటే ముక్కు పట్టుకుని లాగడం. కాలికి బదులు ముక్కు, ఇంగ్లీషు కన్నా ఇదే ముద్దుగా ఉందని ఒకప్పుడు అనుకున్న మాట కూడా. సర్వనామం, బహువచనం అన్నీ సరిగ్గా అమర్చుకుని, వ్యాకరణంలో ఒక్క పొల్లు కూడా పోకుండా, 'గొస్పా, మీరు నా ముక్కు పట్టుకుని లాగుతున్నారు' అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. పళ్లెం బల్ల మీద పెట్టి, ఏదో గొణిగి, మెట్లు దిగి వెళ్లిపోయింది. మరునాడు దిమ్నికార్ వచ్చి వెళ్లాడు, ఆవిడ మాత్రం పైకి రాలేదు. ఆ సాయంత్రం తలుపు కింద నుంచి ఒక లావుపాటి కవరు లోపలికి తోసి ఉంది. తెరిచి చూస్తే గడిచిన రెండేళ్ల వేడినీళ్లు, హీటింగ్ బిల్లుల నకళ్లు, వాటిలో మా వంతు ఎంతో ఎర్ర సిరాతో గీతలు గీసి మరీ లెక్క కట్టి ఉంది. నెల కిందట హీటింగ్ ఖర్చు సర్దుబాటు చేసినప్పుడు మేము కొంచెం ఎక్కువ కట్టవలసి వచ్చింది, దాన్ని గురించి మావారు ఒకటి రెండు ప్రశ్నలు కూడా అడిగారు. ఆ సంగతి నేను మరిచిపోయాను, ఆవిడ మరిచిపోలేదు.

తరగతిలో మా టీచరుగారికి కవరు సంగతీ, నేనన్న మాటా చెబితే ఆవిడ ఒక్క క్షణం నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ముక్కు పట్టుకుని లాగడమంటే సరదాగా ఆటపట్టించడం కాదు, ఎదుటివారిని నమ్మించి మోసగించడం. మన భాషలో చెప్పాలంటే చెవిలో పువ్వులు పెట్టడం. పొతిత్సా పట్టుకుని వచ్చిన పెద్దావిడతో, అద్దె మాట ఎత్తిన మరుక్షణమే, 'నా చెవిలో పువ్వులు పెడుతున్నారు' అన్నానన్న మాట! నేను అనవలసినది 'ఆ సె హెత్సాతె', అంటే 'వేళాకోళం ఆడుతున్నారా' అని. అది వాడుక మాట, రాతలో అయితే షాలితి సె అనే క్రియ ఉంది. ఆ రెండూ నా పుస్తకంలో ఎక్కడా లేవు.

మరునాడు కిందికి వెళ్లి, టీచరుగారు రాసిచ్చిన నాలుగు వాక్యాలు చూసి చదివి, క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ కాసేపు నా వంక చూసి, ఆ పుస్తకం తెమ్మని అడిగి, కళ్లజోడు పెట్టుకుని ఆ పుట వెతికించుకుని చదివి, 'ఇది రాసినవాడికి కాలు ఏదో ముక్కు ఏదో తెలియదు' అంది. అప్పుడే నేను గమనించిన సంగతి ఒకటి ఉంది: సరిగ్గా ఆ వరుస పక్కనే పాత యజమాని పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఉన్నాడు. మూడేళ్లుగా ఆ గుర్తును చూస్తూనే, ఎవరో పిల్లవాడికి ఇంగ్లీషు అర్థం కాలేదు కాబోలని అనుకున్నాను. వాడికి స్లొవీన్ బాగా వచ్చు కనుకనే అనుమానం వచ్చిందన్న ఊహ నాకు తట్టలేదు.

తప్పంతా పుస్తకానిదే అంటే న్యాయం కాదని కొన్నాళ్లకు ఒప్పుకున్నాను. స్లొవీన్ పిల్లవాడికి కుడి పక్క మాట ఉగ్గుపాలతో వచ్చింది. దాని ఘాటు ఎంతో, ఎవరితో అనవచ్చో వాడికి తెలుసు, ఇంగ్లీషు మాట ఏ దిక్కున ఉందో చూపిస్తే చాలు. నా సంగతి వేరు. ఇంగ్లీషు కాలు లాగుడును కూడా నేను ఇంటర్మీడియట్ గైడులో ఇటువంటి పట్టికలోనే బట్టీ పట్టాను తప్ప నోరారా ఎప్పుడూ వాడలేదు. రెండు పక్కలా అరువు మాటలే పెట్టుకుని నడుమ సమాన చిహ్నాన్ని నమ్ముకున్నదాన్ని నేనే. అయినా, మోసానికీ వేళాకోళానికీ తేడా చెప్పడానికి బ్రాకెట్లలో ఒక్క మాట చేర్చడం కూర్పరికి ఎంత పని?

ఆ ఒక్క మాట ఎలా ఉంటుందో తరువాత ఫ్రాన్ అనే నిఘంటువుల పోర్టల్‌లో చూశాను. ఇక్కడి స్లొవీన్ భాషా సంస్థ నడిపే ఆ పోర్టల్ ఉచితం. 1970 నుంచి 1991 వరకు అయిదు సంపుటాలుగా వెలువడిన స్లొవీన్ సాహిత్య భాషా నిఘంటువూ, 2014లో వచ్చిన దాని రెండో కూర్పూ అందులోనే ఉన్నాయి. అందులో భావోద్వేగం కలిసిన మాటలకు భావావేశమనీ, సంభాషణలో మాత్రమే వాడే వాటికి వాడుక అనీ, తిట్టుకు దగ్గరైన వాటికి నిందార్థమనీ పొట్టి అక్షరాలతో గుర్తులుంటాయి. ఇప్పుడు చేతిపుస్తకంలో జాతీయం దొరికినా, ఫ్రాన్‌లో ఆ గుర్తు చూసుకోకుండా నోరు మెదపను. అయితే ఫ్రాన్ వివరణలన్నీ స్లొవీన్‌లోనే ఉంటాయి కనుక మొదటి రెండేళ్లలో అది నా చేతికి అందినా ఉపయోగపడేది కాదు.

పైన మెచ్చుకున్న వాటిలో కూడా కొంత వెనక్కి తీసుకోవాలి. స్లొవీన్ క్రియలు చాలా వరకు జంటలుగా ఉంటాయి, పని సాగుతూ ఉంటే ఒకటి, పూర్తయితే ఒకటి. యెస్తి అంటే తినడం, పొయెస్తి అంటే తినేయడం. తెలుగులో ఆ 'ఏయు' చేసే పనిలో కొంత ఇక్కడ ముందు చేరే ఉపసర్గ చేస్తుంది, అన్నిచోట్లా కాకపోయినా. చేతిపుస్తకం ఈ జంటలో ఒక్కరినే పిలిచి రెండోవారిని గుమ్మం బయటే ఉంచుతుంది. నేను అంత గర్వపడిన ఒబ్లెచి కూడా సగమే: బయలుదేరుతూ ఫోనులో 'కోటు వేసుకుంటున్నాను, వస్తున్నా' అనడానికి ఒబ్లాచితి కావాలి, అది ఈ పుస్తకంలో లేదు. చావుకు ఇచ్చిన జాతీయం మరీ విచిత్రం. ఇంగ్లీషులో బకెట్ తన్నే చోట స్లొవీనులు పీతల దగ్గరికి ఈల వేయడానికి వెళతారు. ఎదురింటాయన ఒక ఉదయం ఎవరో పీతలకు ఈల వేయడానికి వెళ్లారని చెబితే నేను పరామర్శకు సిద్ధపడ్డాను. తీరా చూస్తే పోయింది ఆయన ఇంటి బాయిలర్. వస్తువులకు కూడా ఆ మాట వాడతారని పుస్తకం చెప్పదు.

నాలాగా ఇంగ్లీషు ఒడ్డు మీదుగా స్లొవీన్‌కు రావలసినవారు, వెంట సరిచేసే టీచరో, సహనం గల పొరుగువారో ఉంటే, మొదటి ఏడాది ఇటువంటి పుస్తకం దొరికితే కొనుక్కోవచ్చు. క్రియల వరకు, ముఖ్యంగా చలీ నచ్చడమూ పాలు నిండుకోవడమూ ఉన్న పుటల వరకు, తెలుగువారికి ఇది ఇంగ్లీషువారికన్నా ఎక్కువే ఇస్తుంది. జాతీయాల భాగాన్ని వినడానికి మాత్రమే వాడుకోవాలని నా అభిప్రాయం, ఎవరైనా అంటే అర్థం చేసుకోవడానికి. ఉద్యోగంలో పై అధికారులతో స్లొవీన్‌లో మాట్లాడవలసినవారి సంగతి నాకు అనుభవం లేదు. నా స్లొవీన్ అంతా మెట్ల మీదా, సంతలోనూ, తరగతిలోనూ నడిచినదే.

కిందటి నెల హైదరాబాదు నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి దీన్ని అరువు అడిగితే ఇచ్చాను. ఇచ్చే ముందు కాలూ ముక్కూ ఉన్న వరుస పక్కన 'అద్దె ఇంటివారితో అనకూడదు' అని పెన్సిలుతో తెలుగులో రాశాను. పాత యజమాని పెట్టిన ప్రశ్నార్థకాన్ని మాత్రం చెరపలేదు.